బందరు పోవాల్సిన ఎండాకాలం

మా అన్న శేఖర్ పోయిన నెల ఒక ఆదివారం అత్తాపూర్‌లోని మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, ఫ్యాను కింద కూర్చుని, చాలా మామూలు గొంతుతో ఒక అబద్ధం చెప్పాడు. అది అబద్ధమని అతనికి తెలియదు. నాకు ఒళ్ళు మండింది అందుకే. తెలిసి చెప్పి ఉంటే దెబ్బలాడి ఊరుకునేదాన్ని. అతని కూతురు కీర్తన ఇంజనీరింగు పూర్తి చేసింది. ఆ సంతోషంలో ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి హంపి చూసి వస్తానంటోంది. ఇంట్లో వద్దంటున్నారు. ఆ పిల్లకు నచ్చజెప్పమని అడగడానికి వచ్చాడు. "నీ డిగ్రీ అయినప్పుడు మనమందరం కలిసి వేములవాడ పోలేదా చెల్లె? నువ్వెంత ఖుషీగ ఉంటివి. మా హాల్ల ఫొటో ఉన్నది కద, నవ్వుకుంట నిలవడ్డవ్. గదే దానికి చెప్పు. నువ్వు చెప్తే ఇంటది" అన్నాడు.

నేను జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళి టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి నా గొంతు ఎప్పుడు లేస్తుందో నాకు ముందే తెలుస్తుంది. అది లేవకముందే అక్కణ్ణుంచి తప్పుకోవాలనిపించింది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో అందరూ ఆ ఎండాకాలాన్ని అలాగే గుర్తు పెట్టుకున్నారన్నమాట. సుజాత డిగ్రీ పాసైంది, అందరం కలిసి వేములవాడ పోయాం, సుజాత నవ్వింది. అంతే కథ. అందులో నేను లేను. నా పేరు మాత్రం ఉంది. నా కథ నేనే చెప్పకపోతే అదే ఖాయమైపోతుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

కార్వాన్‌లో మా ఇల్లు రెండు గదులు, ముందొక చిన్న వసారా. ఆ వసారాలో అమ్మ పీట ముందు కూర్చుని అగరబత్తులు చుట్టేది. అగరబత్తులు చేసే ఇల్లంటే సువాసన వస్తుందనుకుంటారు జనం. ఆ వాసన పట్టించేది కార్ఖానాలో. మా ఇంట్లో ఉండేది తడిసిన బొగ్గుపొడి వాసనే. అమ్మ చేతులు మణికట్టు దాకా నల్లగా ఉండేవి. అన్నం కలిపేటప్పుడు గోళ్ళ చుట్టూ ఆ నలుపు కనబడేది. కాలేజీ నుంచి రాగానే నేనూ పక్కన ఇంకో పీట వేసుకుని కూర్చునేదాన్ని. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, పేజీలకు మరకలంటకుండా మోచేత్తో తిప్పుతూ చదివేదాన్ని. బాపు సర్కారు ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేసేవాడు. సాయంత్రం వస్తూనే చొక్కా మేకుకు తగిలించి, కాళ్ళు కడుక్కుని, సాసర్లో పోసుకుని టీ తాగేవాడు. ఆ టీ అయ్యేదాకా ఎవరూ ఏమీ అడగకూడదు. అడగాల్సినవన్నీ అమ్మ నోట్లో వరసగా పేర్చుకుని కూర్చునేది. నాయనమ్మ మాత్రం ఆగేది కాదు. తంబాకు బుగ్గన పెట్టుకుని, అడక్కుండానే తీర్పులు చెప్పేది.

నల్లా నీళ్ళు తెల్లవారకముందే వచ్చేవి. బిందెలు నింపడం నా వంతు. నల్లాకు పోయే దారిలోనే అన్న మంచం. అతని నిద్ర చెడకుండా, బిందె గోడకు తగలకుండా, గాజులు పైకి ఎగదోసుకుని నీళ్ళు పట్టడం నేర్చుకున్నాను. అన్న ఆ మంచం మీదే డిగ్రీ మూడేళ్ళూ, ఆ తర్వాత ఇంకొన్నేళ్ళూ గడిపాడు. ఎకనామిక్సు ఒక్కటీ పోయేది. మళ్ళీ రాసేవాడు, మళ్ళీ పోయేది. చెడ్డవాడేం కాదు. నన్ను ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. అతనికి కావలసినవన్నీ అడక్కముందే జరిగిపోయేవి, అందుకని అడగడమంటే ఏమిటో తెలియదు. అది ఇప్పటికీ తెలియదు.

నాకు ఇద్దరు స్నేహితురాళ్ళు. నస్రీన్‌ది బహదూర్‌పురా, వాళ్ళ నాన్న యూసుఫ్ చాచా ఆటో నడిపేవాడు. వాణి వాళ్ళది బందరు. వాళ్ళ నాన్నకు ఇక్కడ సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం కావడంతో మా గల్లీ చివర ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళు. మొదట్లో దాని 'వచ్చానే, వెళ్ళానే' విని మేం నవ్వేవాళ్ళం. మా 'వచ్చిన, పోయిన' విని అదీ నవ్వేది. పరీక్షలకు ముగ్గురం అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో చదువుకునేవాళ్ళం. ఆఖరి పరీక్ష రాసి, అలవాటు కొద్దీ మళ్ళీ అక్కడికే వెళ్ళి, లోపలికి పోవాల్సిన పని లేదని గుర్తొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. మూసీ వాసన ఒకవైపు, బజారులోంచి మిరపకాయల ఘాటు ఇంకోవైపు. ఎక్కడికైనా పోదామని నస్రీన్ అంది. మా ముగ్గురిలో ఎవరమూ అంతవరకు పెళ్ళికో, చావుకో, మొక్కుకో తప్ప ఊరు దాటలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మాకు అదే పని. నస్రీన్‌కు ఊటీ పోవాలని. పొగమంచులో నిలబడి నోట్లోంచి ఆవిరి వదలాలని దాని కోరిక. నాకు ఏ ఊరైనా సరే, రాత్రంతా రైల్లో కిటికీ పక్కన కూర్చోవాలి. వాణి ఏమీ కోరలేదు. మేం అడగ్గా అడగ్గా, బందరులో తన అమ్మమ్మ ఇల్లుందనీ, అక్కణ్ణుంచి మంగినపూడి సముద్రం దగ్గరనీ, అమ్మమ్మ పీతల కూర చేస్తుందనీ సిగ్గుపడుతూ చెప్పింది. తన సొంతూరు కూడా ఒక యాత్రేనా అని దానికి అనుమానం. ఊటీ అంటే హోటల్లో ఉండాలి, హోటలంటే మా మూడిళ్ళలోనూ తలుపులు మూసుకుపోతాయి. రైలంటే బందరు బండి సికింద్రాబాదులో ఎక్కాలి, అది దూరం. బందరుకైతే మూసీ పక్కన పెద్ద బస్టాండు నుంచి రాత్రి బస్సు ఉంది, దిగేసరికి వాణి మామయ్య వచ్చి నిలబడతాడు, ఉండేది ఒక ముసలావిడ ఇంట్లో. ఇంకేం కావాలి? బందరు ఖాయమైంది. ఇప్పుడు ఆలోచిస్తే ముందు ఇందుకే కోపమొస్తుంది. చదువు పూర్తిచేసిన ముగ్గురు ఆడపిల్లలు మాకేది ఇష్టమని లెక్క వేసుకోలేదు. ఇంట్లో దేన్ని వద్దనలేరని లెక్క వేసుకున్నాం. మా కోరికను మేమే ముందు కత్తిరించి, కుట్టి, మడతపెట్టి తీసుకుపోయాం.

అయినా అలా మడతపెట్టిన దాని మీద కూడా నాకు ప్రేమ పుట్టింది. సముద్రం ఎంత చప్పుడు చేస్తుందని వాణిని రోజూ అడిగేదాన్ని. అక్కడ నిద్రపోతే వినబడుతుందా అంటే, ఇంటిదాకా వినబడదే పిచ్చిదానా అనేది.

మా ఇంట్లో అడగడానికి భయపడి, నస్రీన్ ఇల్లు ఎలాగూ ఒప్పుకోదు, దాంతో ఈ మాట అక్కడే ఆగిపోతుందని ఒకపక్క అనుకుంటూనే ఉన్నాను. ఈ మాట చెవిన పడగానే మా నాయనమ్మ కూడా అదే అంది. "వాళ్ళు పోరిని గుమ్మం దాటనియ్యరు, చూడుండ్రి" అంది. యూసుఫ్ చాచా వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, ఒక సాయంత్రం ఆటో మా గల్లీలో ఆపి, మా బాపుతో మాట్లాడడానికి స్వయంగా వచ్చాడు. ఖాకీ చొక్కా మీద దుమ్ము దులుపుకుని, గుమ్మం బయటే నిలబడ్డాడు. బాపు లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. అమ్మ టీ ఇచ్చింది. నేను తలుపు వెనకాల నిలబడి విన్నాను.

"బచ్చియాఁ బహుత్ మెహనత్ కరే భాయ్, జర ఘూమ్ కే ఆనే దేంగే" అన్నాడు చాచా. పిల్లలు బాగా కష్టపడ్డారు, కాస్త తిరిగి రానిద్దాం అని. బస్టాండు దాకా తన ఆటోలోనే దింపుతాననీ, వచ్చేనాడు పొద్దున్నే తనే వచ్చి తీసుకొస్తాననీ, ఫికర్ పెట్టుకోవద్దనీ చెప్పాడు. బాపు నవ్వాడు. "ఎందుకు పంపం భాయ్? మన పిల్లలే కద. పోయిరానీ" అన్నాడు.

ఆ రాత్రి అమ్మ పీట దగ్గర నేను చుట్టినన్ని పుల్లలు ఎన్నడూ చుట్టలేదు. బట్టల్లో ఏవి తీసుకుపోవాలో, తడిస్తే ఏవి తొందరగా ఆరతాయో మనసులో సర్దుకున్నాను. మర్నాడు పొద్దున నీళ్ళు పట్టి లోపలికి వస్తుంటే బాపు గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచే, బందరు వద్దన్నాడు. నాకు సరిగా వినబడలేదనుకుని మళ్ళీ అడిగాను. నిన్న చాచాతో సరేనన్నారు కదా అన్నాను. "ఇంటికొచ్చిన మనిషి మొకం మీద కాదంటమా? నువ్వే ఏదన్న చెప్పు. జరమొచ్చిందను" అన్నాడు.

ఇక్కడ ఆగాలి నేను. ఎన్నో ఏళ్ళయినా ఈ మాట దగ్గర నా చెయ్యి ఆగుతుంది. మా బాపు మంచివాడు. నన్ను బడి మాన్పించమని బంధువులు ఎంతమంది చెప్పినా వినలేదు. ప్రెస్సులో మిగిలిన తెల్లకాగితం ముక్కలు ఏరి, దారంతో కుట్టి, నాకు పుస్తకాలు చేసి తెచ్చాడు. ఆ మనిషే, పరాయి మగవాడికి ఇచ్చిన మాట గౌరవంగా నిలబెట్టుకోవాలనుకున్నాడు, లేదా నిలబెట్టుకున్నట్టు కనబడాలనుకున్నాడు. ఆ భారం తీసుకొచ్చి నా నెత్తిన పెట్టాడు. అబద్ధం నేనాడాలి. జ్వరం నాకు రావాలి. చాచా గుమ్మం దగ్గర దుమ్ము దులుపుకుని నిలబడి అడిగినదానికి మా ఇంట్లో ఇచ్చిన విలువ ఇదీ. వాళ్ళు పోరిని పంపరని చెప్పిన నాయనమ్మ మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. "సముద్రం కాడ ఏమున్నది, ఉప్పునీళ్ళు. రాజన్న దగ్గరికి పోదాం" అంది.

రాజన్న దగ్గరికి పోవడానికి కారణం వేరే ఉంది. అన్న పాసైతే వేములవాడలో కోడెను కడతానని అమ్మ ఎప్పుడో మొక్కుకుంది. అక్కడ దేవుడికి మొక్కున్నవాళ్ళు ఒక కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసి వస్తారు. ఆ ఏడే అన్నకు ఎకనామిక్సు పోయి పోయి చివరికి పాసైంది. నాకు మొదటిసారే ఫస్టు క్లాసు వచ్చింది. నా కోసం ఎవరూ మొక్కుకోలేదు, అవసరం పడుతుందని ఎవరికీ అనిపించలేదు కాబట్టి. ఒక్క మొక్కు, ఇద్దరి సంబరం అని ఇంట్లో తేల్చేశారు. మేనత్తలనూ వాళ్ళ పిల్లలనూ పిలిచారు. మెటాడోర్ వ్యాను మాట్లాడారు. నేను రానన్నాను. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొక్కు దగ్గర ఇంటి ఆడపిల్ల లేకపోతే ఎట్లా అంది. ముందు రాత్రి ఆ వ్యానుకు సరిపడా పులిహోర నేనే కలిపాను. నా విహారయాత్రకు నేనే చింతపండు పిసికాను.

వేములవాడలో ఎండకు బండలు కాలుతున్నాయి. అన్నకు గుండు చేయించారు, కోడె తాడు అతని చేతికిచ్చారు, అందరూ వెనకాల నడిచారు. నా చంకలో మేనత్త చంటిపిల్ల. తర్వాత గుడి ముందు ఫొటోలు తీసేవాడొకడు మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. నేను మొహం చిట్లించుకుని ఉంటే, జర నవ్వమ్మా, ఒక్కళ్ళ కోసం అందరిదీ ఖరాబైతది అన్నాడు. బాపు నా వైపు చూశాడు. నవ్వాను. మా అన్న ఇంట్లో హాల్లో ఉన్నది ఆ నవ్వే.

తిరిగి వచ్చాక, మెటాడోర్‌లో అంటిన నూనె మరకలు చీరలకు ఇంకా పోకముందే, అన్న సంచీ సర్దుకోవడం చూశాను. దోస్తులతో గోవా పోతున్నాడట. ఎవరినీ అడగలేదు. అమ్మ అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఎక్కడ ఉంటారు, ఎవరెవరు పోతున్నారు, ఎవరు తీసుకొస్తారు అని ఇంట్లో ఒక్కరు నోరు తెరవలేదు. ఆ సాయంత్రం బాపు టీ ఇంకా సాసర్లోనే ఉంది. నేను ఆగలేదు. వాడు ఎవరినడిగి పోతున్నాడు బాపూ అని అడిగాను.

"వాడు మొగపోరడు. ఏడికన్న పోతడు" అన్నాడు.

మూడుసార్లు తప్పినవాడు గోవా పోవచ్చు, ఒక్కసారి తప్పనిదాన్ని నేను బందరు పోవద్దా అన్నాను. బాపు సాసరు కింద పెట్టాడు. తర్వాత, కోపంగా కాదు, నన్ను పొగుడుతున్నట్టే అన్నాడు: "నువ్వు సమజైనదానివి బిడ్డా. నీకు చెప్తే అర్థమైతది. వానికి చెప్తే కాదు."

కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. నాకు అర్థమవుతుంది కాబట్టి నాకు లేదు. అతనికి అర్థం కాదు కాబట్టి అతనికి ఉంది. ఇన్నాళ్ళూ నేను తెలివిగా చదివిందీ, చప్పుడు కాకుండా బిందెలు నింపిందీ, పేజీలకు నల్లమరక అంటకుండా తిప్పిందీ, అన్నీ కలిసి నాకు సంపాదించిపెట్టింది ఇది. రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. అమ్మకు తెలుసు, ఏమీ అనలేదు. బాపుకు తెలుసు, పళ్ళెం ముందు తల వంచుకుని తొందరగా తిని లేచిపోయాడు. మూడోనాడు అమ్మ నల్లటి చేత్తోనే ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. ఆకలేసింది, తిన్నాను.

చాచాకు నేను జ్వరమని చెప్పలేదు. నస్రీన్‌తో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. అబ్బాకు మాత్రం చెప్పకు, మీ బాపు ముందు మళ్ళీ కూర్చోలేడు అంది. అది, వాణి ఇద్దరే పోయారు. ఎండకు నల్లబడి, ముక్కు మీద తోలు ఊడి తిరిగి వచ్చారు. నాకోసం అమ్మమ్మ పంపిన బందరు లడ్డూలు తెచ్చారు. వచ్చే ఏడు ముగ్గురం వెళ్దామే అంది వాణి. వచ్చే ఏటికి నస్రీన్‌కు పెళ్ళై నిజామాబాదు వెళ్ళిపోయింది. వాణి వాళ్ళ నాన్నకు బదిలీ అయింది. అన్న గోవా నుంచి నాకొక గవ్వల దండ తెచ్చాడు. ప్రేమగానే తెచ్చాడు. నేను దాన్ని ఒక్కసారీ మెడలో వేసుకోలేదన్నది అతను గమనించలేదు.

ఆ తర్వాత నేను సముద్రం చూశాను, ఒకటికి రెండుసార్లు. నా భర్తతో, పిల్లలతో వెళ్ళాను. బాగుంది. కానీ ఇరవై ఏళ్ళ వయసులో, పరీక్షలు రాసిన సిరా ఇంకా వేళ్ళకు ఉండగా, పక్కన నస్రీన్, వాణి ఉండగా చూడాల్సిన సముద్రం అది కాదు. అప్పటికీ ఇప్పటికీ చాలా మారిందంటారు. నిజమే, మారింది. అప్పుడు బందరు నుంచి ఉత్తరం రావాలి. ఇప్పుడు కీర్తన ఏ రోడ్డు మీద ఏ మలుపులో ఉందో వాళ్ళ నాన్న ఫోనులో చుక్కలా కదులుతుంది. అప్పుడు నాయనమ్మ ఒక్కతే తీర్పు చెప్పేది, ఇప్పుడు కుటుంబం గ్రూపులో ముప్ఫైమంది చెబుతున్నారు. ఆ పిల్ల తన సంపాదనతో పోతానంటోంది, ఉద్యోగం కూడా వచ్చింది. అయినా ఒక మగమనిషి ఆదివారం పూట బస్తీ దాటి వచ్చి, దానికి నచ్చజెప్పే మనిషి కోసం వెతుక్కుంటున్నాడు. ఈసారి ఆ మనిషి నేనే అయ్యాను. అది నేను ఒప్పుకోలేకపోయాను.

టీ తీసుకెళ్ళి ఇచ్చి, ఇదంతా అన్నకు చెప్పాను. ఇంత వరసగా కాదు, మధ్యమధ్యలో గొంతు లేచింది కూడా. చాచా వచ్చిన సంగతి అతనికి తెలియనే తెలియదట. అన్నం మానేసిన రోజులు అతను గోవాలో ఉన్నాడు. టీ చల్లారిపోయింది. "నాకెవ్వరు చెప్పలే చెల్లె" అన్నాడు.

"నువ్వడగలే అన్నా" అన్నాను.

అన్న కిటికీలోంచి బయటకు చూశాడు. అతని చెవుల దగ్గర జుట్టు మొత్తం తెల్లబడింది. అతనికీ నాకూ వయసైపోతోందని అప్పుడు జాలేసింది గానీ, కోపం తగ్గలేదు. తర్వాత అతనికొక ఉపాయం తోచింది. ముఖం తేటపడింది. నువ్వు కూడా వాళ్ళ వెంట హంపి పో, నీకు తోచినట్టుంటది, దానికి తోడుగ ఉంటది, ఖర్చు నేను పెట్టుకుంట అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టిందని దాచను. ఆ రాళ్ళ మధ్య పొద్దున్నే నలుగురు ఆడపిల్లలతో తిరగడం, వాళ్ళ కబుర్లు వినడం నాకు ఎంత ఇష్టమో. కానీ నేను వెళితే అది వాళ్ళ యాత్ర కాదు. మేనత్త కాపలాలో నడిచే ఇంకో మెటాడోర్ అవుతుంది.

"నేను పోను. నన్నడ్డం పెట్టుకోకు. పంపితే దాన్ని పంపు, లేదంటే లేదని నువ్వే దాని మొకం చూసి చెప్పు" అన్నాను.

అన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. కోపగించుకున్నాడనే అనుకున్నాను. వారం తర్వాత కీర్తన ఫోన్ చేసి, డాడీ ఏమన్నారో తెలుసా అత్తమ్మా అని మొదలుపెట్టి, బస్సు ఎన్నింటికో, ఎక్కడ ఎక్కాలో ఆయనే కనుక్కున్నాడని చెప్పింది. థాంక్స్ చెప్పబోతే వద్దన్నాను. వెళ్ళాక ఆ పిల్ల నాకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ఫోనులో చుక్క కూడా ఆపేసిందట. అన్న మాత్రం పూటపూటా చేశాడు, నీకేమన్న తెలిసిందా, ఏడ ఉన్నరో చెప్పిందా అని. నాకేమీ తెలియదన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో సంతోషం అతనికి వినబడే ఉంటుంది. వినబడకుండా మాట్లాడాలని నేనేమీ ప్రయత్నించలేదు.